బాహియాలో హౌసా అన్నం

బ్రెజిల్ ఈశాన్యాన బాహియా రాష్ట్రం. దాని రాజధాని సాల్వడార్‌లో ఒకరింట మాకు భోజనం పెట్టారు. ఉప్పు లేకుండా మెత్తగా వండిన అన్నం, ఎండురొయ్యల కూర, ఉల్లిపాయలతో వేయించిన ఎండుమాంసం. పేరడిగితే 'హౌసా వాళ్ళ అన్నం' అంది ఇంటావిడ. ఉలిక్కిపడ్డాం. హౌసాలంటే ఉత్తర నైజీరియా ముస్లింలు కదా! బానిసలుగా ఓడల్లో వచ్చిపడ్డవారిలో వారూ ఉన్నారు. 1835 జనవరిలో, రంజాన్ నెలలో, ఈ ఊళ్ళోనే ముస్లిం బానిసలు తిరగబడ్డారు. వారిలో ఎక్కువమంది యోరుబాలు. ఆ తిరుగుబాటును అణచివేశాక, అరబీ అక్షరాలున్న కాగితం ఇంట్లో దొరకడమే అనుమానానికి చాలింది. ఎందరినో ఆఫ్రికాకు వెళ్ళగొట్టారు. వంట మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

మాంసం జబీహా కాదని పక్కకు జరిపాం. కారణం చెబితే ఆవిడ నొచ్చుకోలేదు. "అయితే రొయ్యలు ఇంకాస్త వేసుకోండి" అంది.