అడవిలో హోటలు ఎవరి కోసం?

సెలవులొస్తే నాలుగు రోజులు ఏ కొండకో అడవికో వెళ్లి రావాలని మనందరికీ ఉంటుంది. తప్పేమీ లేదు. వంటింటికి కాస్త విరామం ఎవరికి చేదు? కాని మనం దిగే హోటలు ఎవరి వాకిట్లో లేచిందో అడుగుతున్నామా?

కర్ణాటకలో కొడగు, మైసూరు జిల్లాల మధ్య నాగరహొళె అడవి ఉంది. ఏనుగులకూ పులులకూ పేరు. అక్కడి వారిలో జేను కురుబలు ఒకరు. కన్నడంలో జేను అంటే తేనె. తేనె తీయడం, దుంపలు తవ్వుకోవడం వాళ్ల బతుకు. జంతువుల రక్షణ పేరుతో వాళ్ల మీద ఆంక్షలు పెట్టారు, ఎన్నో కుటుంబాలను అడవి దాటించారు. తర్వాత ఆ అడవిలోనే కట్టడాలను ప్రభుత్వం ఒక హోటలు కంపెనీకి లీజుకిచ్చింది. దుంప తవ్వుకుంటే చెడే అడవి, హోటలు నడిపితే చెడదా అండీ?

1996లో ఆదివాసులు ఆందోళనకు దిగారు, కోర్టుకూ వెళ్లారు. కేంద్రం అనుమతి లేకుండా అలా ఇవ్వడం 1980 నాటి అటవీ సంరక్షణ చట్టానికి విరుద్ధమని 1997లో హైకోర్టు తీర్పు చెప్పింది. హోటలు ప్రయత్నం ఆగిపోయింది.

హోటలొస్తే ఏమవుతుందంటారా? మన ఇంటి లెక్కే చూడండి. పదిమంది చుట్టాలొస్తే నీళ్ల తొట్టి ఎంత త్వరగా ఖాళీ అవుతుందో, చెత్తబుట్ట ఎలా నిండుతుందో మనకు తెలుసు. హోటలులో అది రోజూ ఉండే సంగతే. స్నానాలు, దుప్పట్ల ఉతుకు, ప్లాస్టిక్ సీసాలు. ఎండాకాలం వాగులో మిగిలిన నీటిలోనే జంతువులకూ పల్లెకూ వాటా ఉండాలి. రాత్రిపూట దీపాలు, కార్ల చప్పుడు ఉంటే ఏనుగులు దారి మార్చుకుంటాయి. అవి పొలాల మీద పడితే నష్టపోయేది రైతే, మనం కాదు.

మన అరకు, లంబసింగి వైపూ ఇదే ప్రశ్న. అక్కడ 1/70 చట్టం ప్రకారం గిరిజనుల భూమిని ఇతరులు కొనకూడదు. అందుకే ఈసారి గది మాట్లాడుకునే ముందు ఆ స్థలం ఎవరిదో, నీళ్లు ఎక్కడివో, చెత్త ఎటు పోతుందో అడగండి. ఇంటి నుంచి నీళ్ల సీసా పట్టుకెళ్లండి, మన చెత్త మనమే వెనక్కి తెచ్చుకుందాం. తేనె, పసుపు, మిరియాలు అక్కడి ఆడవాళ్ల దగ్గరే, బేరం ఆడకుండా కొనండి.