లెవెల్ ఎంత అన్నా?

వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోకి కొత్తగా వచ్చినవాళ్లను ముందు ఊరు అడగరు, చదువు అడగరు. ‘లెవెల్ ఎంత?’ అని అడుగుతారు. సీ-4, సీ-5, సీ-6... మెడలో వెన్నుపాము ఎక్కడ దెబ్బతిందో చెప్పే గుర్తులవి. ఆ ఒక్క మాటతో, మంచంలో ఉన్న మనిషికి రోజు ఎలా గడుస్తుందో అవతలివాళ్లకు తెలిసిపోతుంది. సీ-4 అయితే భుజాలు ఎగరేయగలడు, అంతే. సీ-5 అయితే మోచెయ్యి వంచగలడు. వేళ్లు మాత్రం పలకవు. సీ-6 అయితే మణికట్టు పైకి లేస్తుంది. అది లేచినప్పుడు వేళ్లు వాటంతటవే కాస్త ముడుచుకుంటాయి. ఆ కాస్త సందులోనే చెంచా ఇరికించుకుని తన అన్నం తాను తినడం నేర్చుకున్నవాళ్లున్నారు.

మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని కాళ్లూ చేతులూ నాలుగూ చచ్చుబడటమే క్వాడ్రిప్లీజియా. మన పల్లెల్లో అది వచ్చే దారులు అందరికీ తెలిసినవే. మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడు, వేసవిలో బావిలోకి తలకిందులుగా దూకిన కుర్రాడు, సెంట్రింగ్ పనిలో కాలు జారిన కూలీ, అర్ధరాత్రి బైకు. గీత కార్మికుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2024లో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఎన్ని ఇళ్లు కూలాక వచ్చిందో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

వెన్నుపాము దెబ్బతో బతుకుతున్నవాళ్లు ప్రపంచంలో కోటిన్నరకు పైనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కానీ ఊళ్లో ఆ మంచం మీద ఉన్నది ఒక్కడే. పక్క మండలంలో ఇంకొకడున్నా, వెళ్లి చూడాలంటే గడప దాటించడానికే నలుగురు కావాలి. 2016లో వచ్చిన ‘ఊపిరి’ సినిమాలో కదల్లేని నాగార్జునకు, చూసుకోవడానికి కార్తి దొరికాడు. మన ఇళ్లలో ఆ చోట అమ్మ ఉంటుంది, లేదంటే భార్య ఉంటుంది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు వాళ్ల చేతిలో డిశ్చార్జి కాగితం, మందుల చీటీ పెట్టి, ఫిజియో చేయించమంటారు. మిగతాది ఎవరు చెప్పాలి?

ఆ మిగతాదాంట్లోనే ప్రాణం ఉంది. రాత్రి రెండింటికి ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి వస్తుంది. ముఖం ఎర్రబడుతుంది, మెడ పైన ఒకటే చెమట. ఇంట్లోవాళ్లు కంగారుపడి తలనొప్పి మాత్ర వేసి, పడుకోబెట్టి, దుప్పటి కప్పుతారు. సరిగ్గా చేయకూడనిది అదే. వీపు మధ్యలోని టీ-6 ఎముక దగ్గర గానీ, అంతకంటే పైన గానీ దెబ్బ తగిలినవాళ్లకు వచ్చే ఆపద ఇది. పేరు ఆటోనమిక్ డిస్‌రిఫ్లెక్సియా. మూత్రం పైపు ఎక్కడో మడతపడి ఉంటుంది. నిండిన మూత్రాశయం బాధ మెదడుకు అందదు గానీ, ఒళ్లు ఊరుకోదు. రక్తనాళాలు బిగుసుకుని బీపీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. తగ్గించమని మెదడు పంపే కబురు దెబ్బ తగిలిన చోటు దాటి కిందికి రాలేదు. మెడ దెబ్బవాళ్లకు పై బీపీ మామూలుగానే 90, 110 మధ్య ఉంటుంది. అందుకే మీటరు మీద 140 చూసి, ఇది అందరికీ ఉండేదే కదా అనుకునే వీలుంది. కానీ అది వాళ్లకు పక్షవాతం దాకా తీసుకుపోగల అంకె.

ఆ వేళప్పుడు గ్రూపులోంచి ఫోనులో ఒక గొంతు పలుకుతుంది. ‘కూర్చోబెట్టు వదినా. కాళ్లు కిందికి వేలాడదియ్యి. నడుం దగ్గర బిగుతుగా ఏదుంటే అది వదులు చెయ్యి. పైపు మడతపడిందేమో చూడు.’ పైపు సరిచేయగానే బ్యాగులోకి మూత్రం దిగుతుంది, తలనొప్పీ దిగుతుంది. దిగకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి. డ్యూటీ డాక్టరుకు చూపించడానికి ఆ జబ్బు పేరు పెద్ద అక్షరాలతో రాసి దిండు కింద పెట్టుకొమ్మని అనుభవమున్నవాళ్లు చెబుతారు. ఇంత చెప్పిన మనిషి ఎక్కడో ఇంకో జిల్లాలో, తానూ కదల్లేక వెల్లకిలా పడుకుని ఉంటాడు. నాకు ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ ఫోను మనుషుల్ని పాడుచేసిందన్న మాట నా నోట రావడం లేదు.

1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గట్‌మన్ వెన్నుపాము విభాగం తెరిచేనాటికి, ఇలాంటివాళ్లు ఎక్కువ కాలం బతకరనే వైద్యులు అనుకునేవారు. పడక పుండ్లూ మూత్రంలో చీమూ ప్రాణం తీసేవి. రెండేసి గంటలకు ఒకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టి, మూత్రాశయాన్ని శుభ్రంగా ఉంచి ఆయన వాళ్లను బతికించాడు. అలాంటి వార్డులో ఇంకో మేలు ఉంటుంది. పక్క మంచం మీద మనకంటే ముందు దెబ్బ తగిలినవాడు ఉంటాడు. వాడు ఎలా తింటున్నాడో, ఎలా నవ్వుతున్నాడో చూసి కొత్తవాడు నేర్చుకుంటాడు. మన ఊళ్లో లేనిది ఆ పక్క మంచమే. దాన్ని ఫోను తెచ్చిపెట్టింది.

ఫోను వాడటమూ తేలిక కాదు. చిటికెనవేలి కణుపుతో తాకేవాళ్లు, అరచేతికి పట్టీ కట్టి పుల్ల దోపుకునేవాళ్లు, నోటితో కర్ర పట్టి నొక్కేవాళ్లు ఉన్నారు. 2017లో గూగుల్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ వచ్చాక కొందరికి కొత్తగా చేతులొచ్చినట్టయింది. ఎక్కువమంది వాయిస్ మెసేజే పెడతారు. పక్కటెముకల మధ్య కండరాలు పనిచేయక ఊపిరి చాలదు కాబట్టి ఆ మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. మధ్యలో ఎంతసేపు ఆగినా అక్కడ ఎవరూ తొందరపెట్టరు.

మాటలన్నీ జబ్బు గురించే కాదు. వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం స్లాటు ఎప్పుడు తెరుస్తారు, అందులో శాతం ఎలా వేస్తారు అన్నది నిత్యం నడిచే చర్చ. ఆంధ్రప్రదేశ్‌లో మంచానికే పరిమితమైనవాళ్లకు 2024 నుంచి నెలకు 15,000 రూపాయల పెన్షన్ ఇస్తున్నారు. తెలంగాణలో దివ్యాంగుల పెన్షన్ 4,016. డైపర్లూ, పైపులూ, గాజుగుడ్డా రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే ధర. ఈ తేడా నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

ఆడవాళ్లు మాత్రం అందరూ ఉన్న చోట నోరు విప్పడం తక్కువ. నెలసరి సంగతి, వదిలేసిన భర్త సంగతి మగవాళ్ల మధ్య ఎలా అడుగుతారు? వాళ్లకు ధైర్యమిచ్చే గొంతూ ఒకటుంది. తమిళనాడు అండర్-19 మహిళా క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన ప్రీతి శ్రీనివాసన్‌కు 1998లో పుదుచ్చేరి సముద్రంలో మెడకు దెబ్బ తగిలింది. అప్పుడామెకు 18 ఏళ్లు. తర్వాత తిరువణ్ణామలైలో ‘సోల్‌ఫ్రీ’ సంస్థ పెట్టి ఇలాంటివాళ్లకు అండగా నిలిచింది. అదే మెడ, అదే కుర్చీ ఉన్న ఒక స్త్రీ తెర మీద నిబ్బరంగా మాట్లాడుతుంటే, అప్పటిదాకా వింటూ ఊరుకున్న అమ్మాయికి అడగడానికి ధైర్యం వస్తుంది.

గ్రూపుల్లో చెడ్డా ఉంది. పుండు ఫొటో పెట్టి ఏ మందు వాడాలని అడిగితే డాక్టరుకు చూపించమనాలి గానీ యాంటీబయాటిక్ పేరు చెప్పకూడదు; చెప్పేవాళ్లున్నారు. ఇక స్టెమ్ సెల్స్‌తో నడిపిస్తామనే వీడియోలు. కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప మిగతావాటికి స్టెమ్ సెల్స్‌ను చికిత్సగా అమ్మకూడదని, పరిశోధనగా మాత్రమే చేయాలని ఐసీఎంఆర్ 2017లోనే మార్గదర్శకాలిచ్చింది. అయినా పొలం అమ్మడానికి తండ్రులు సిద్ధపడతారు. అప్పటికే ఆ దారిలో పోయి వచ్చినవాళ్ల మాటే వాళ్లను ఆపగలుగుతుంది.

ఇలాంటి చోట కొన్ని నెలలపాటు వినడం తప్ప మాట్లాడనివాళ్లే ఎక్కువ. ఫోను చెవి దగ్గర పెట్టేది అమ్మ. వాళ్లు మొదటిసారి నోరు విప్పి అడిగేది చాలా చిన్నది: ‘టీ నేనే తాగాలంటే ఎట్లా అన్నా?’ జవాబులు వరసగా వస్తాయి. మూతున్న గ్లాసు తీసుకో తమ్ముడూ. పొడుగు స్ట్రా వెయ్యి. కుర్చీ చేతికి గ్లాసు బిగించే క్లిప్పు దొరుకుతుంది. ఒళ్లో మాత్రం పెట్టుకోకు, కాలినా నీకు తెలీదు.