ఐదేళ్లు నిండితే బిడ్డ ఎవరి దగ్గర?

ఐదేళ్లలోపు పిల్లలు తల్లికి, ఆపైన తండ్రికి అన్న మాట ఫ్యామిలీ కోర్టు వరండాల్లో వినిపిస్తూనే ఉంటుంది గానీ, అంత తేలికైన పంపకం చట్టంలో ఎక్కడా లేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టంలోని ఆరో సెక్షన్ తండ్రిని మొదటి సహజ సంరక్షకుడిగా, అంటే మైనరు తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారం ఏ కోర్టూ నియమించకుండానే ఉన్నవాడిగా గుర్తిస్తూ, ఐదేళ్లు నిండని బిడ్డ కస్టడీ మాత్రం సాధారణంగా తల్లికే ఉండాలంటుంది. కస్టడీ అంటే బిడ్డను దగ్గర ఉంచుకుని రోజువారీ ఆలనాపాలనా చూడడం. తగిన కారణాలు చూపితే ఐదేళ్లలోపు బిడ్డనైనా తండ్రికి అప్పగించవచ్చు. ఐదేళ్లు నిండిన మర్నాడు తల్లి ఒడి ఖాళీ చేయాలని ఏ సెక్షనూ చెప్పదు. తండ్రి బతికి ఉన్నా బిడ్డ బాగోగులు పట్టించుకోనప్పుడు తల్లే సహజ సంరక్షకురాలు కాగలదని 1999లో రచయిత్రి గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇద్దరికీ సమాన హోదా ఇవ్వాలని 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో సిఫార్సు చేసినా చట్టంలో తండ్రి పేరే ఇంకా ముందుంది.

ఈ వరసలన్నిటినీ మించిన ప్రమాణం బిడ్డ సంక్షేమం. ముస్లిం ధర్మశాస్త్రంలో హనఫీ సంప్రదాయం ప్రకారం కొడుకు ఏడేళ్ల వరకు, కూతురు రజస్వల అయ్యేవరకు తల్లి దగ్గర ఉండే 'హిజానత్' హక్కు ఉన్నా, అన్ని మతాలకూ వర్తించే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు మైనరు క్షేమాన్నే చూస్తుంది. పిల్లలు తల్లిదండ్రుల సొత్తూ కారు, ఆటవస్తువులూ కారని సుప్రీంకోర్టు 1973లోనే స్పష్టం చేసింది. అందుకే సంపాదన ఒక్కటే గీటురాయి కాదు; తల్లికి జీతం తక్కువైతే ఖర్చులు తండ్రి నుంచి ఇప్పించవచ్చు.

తెలిసీ తెలియని వయసు దాటిన బిడ్డ ఇష్టాన్ని జడ్జి వకీళ్లను, కన్నవాళ్లను బయటికి పంపి తన ఛాంబర్లో విడిగా తెలుసుకోవచ్చు. ఎవరు కావాలని సూటిగా అడిగితే బిడ్డ బిగుసుకుపోతుంది కాబట్టి, అనుభవమున్న జడ్జి బడికి ఎవరు దింపుతారు, జ్వరమొస్తే పక్కన ఎవరు పడుకుంటారు, హోంవర్కు ఎవరు చూస్తారు అని చుట్టూ తిప్పి అడుగుతారు. ఆ జవాబులు బిడ్డవో, నూరిపోసినవో పసిగట్టడం అన్నిటికన్నా కష్టమైన పని. 21 నెలల వయసు నుంచి తండ్రి దగ్గరే పెరిగిన ఒక పాప ఆయన దగ్గరే ఉంటానన్నప్పటికీ, తల్లి సాహచర్యమే ఎరగని బిడ్డ చేసిన ఎంపికను అంతిమంగా తీసుకోలేమని 2017లో సుప్రీంకోర్టు కస్టడీని తల్లికి ఇచ్చింది.

అటువంటి తీర్పులు అరుదు. విడాకుల కేసు నడుస్తుండగా 1955 నాటి హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద ఇచ్చే మధ్యంతర ఉత్తర్వు, పేరుకు తాత్కాలికమే అయినా, వాయిదాల మీద వాయిదాలు పడుతున్న కొద్దీ బిడ్డ బడి, స్నేహాలు, అలవాట్లు ఒక ఇంట్లో పాతుకుపోతాయి గనుక, తుది తీర్పు నాటికి ఆ ఇంటినే ఖాయం చేసినంత పని చేస్తుంది. రెండో పక్షానికి మిగిలేది సందర్శన హక్కు, అంటే నిర్ణీత రోజుల్లో బిడ్డను కలుసుకునే వీలు. రోజూ ఐదు పది నిమిషాలైనా మాట్లాడే అవకాశం ఉండాలని, వీడియో కాల్ కూడా అందుకు పనికొస్తుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

తెలుగు కుటుంబాలకు మరో చిక్కు విదేశీ నివాసంతో వస్తోంది. బిడ్డ 'సాధారణంగా నివసించే' చోటి కోర్టుకే విచారణాధికారం ఉంటుంది. అమెరికాలో పుట్టి పెరిగిన ఇద్దరు పిల్లలను తల్లి హైదరాబాద్ తీసుకొచ్చి ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేసిన కేసులో, వాళ్ల సాధారణ నివాసం అమెరికాయేనని 2019లో సుప్రీంకోర్టు నిర్ణయించింది. పిల్లల అంతర్జాతీయ తరలింపుపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు కాబట్టి, విదేశీ కోర్టు ఉత్తర్వు తీసుకొచ్చిన తండ్రికి గానీ తల్లికి గానీ బిడ్డ వెంటనే దక్కుతుందన్న హామీ లేదు. ఇక్కడి కోర్టు మళ్లీ ఆ బిడ్డ క్షేమం దగ్గరే విచారణ మొదలుపెడుతుంది.