ఏ కాలం ఇష్టం? మా ముగ్గురి పంచాయితీ

హాస్టల్‌లో కరెంటు పోయిన రాత్రి ఎవరూ చదవరు, ముచ్చట్లే. పోయిన ఏప్రిల్‌లో అట్లాంటి ఒక రాత్రి మా గదిలో పంచాయితీ లేచింది. ఎండాకాలం మంచిదా, చలికాలం మంచిదా?

మేం ముగ్గురం. నాది కోరుట్ల. ఒకడిది జగిత్యాల పక్క ఊరు, ఇంకొకడిది సిరిసిల్ల. నేను ఎండాకాలమే అన్నాను. సెలవులు, మామిడిపండ్లు, తాటిముంజలు, రాత్రి దాబా మీద పడక, ఇంకేం కావాలి? జగిత్యాలోడు ఒప్పుకోలేదు. "చలైతే ఇంకో చెద్దరు కప్పుకుంటం మామ. ఎండైతే తోలు ఇప్పుకుంటమా?" అన్నాడు. సిరిసిల్లోడు మాత్రం చానాసేపు ఏమీ అనలేదు. చివరికి, "మీరు బయటి కాలం గురించి మాట్లాడుతున్నరు. మా బాపు సాంచాల షెడ్డుల ఉంటడు. అండ్ల కాలమే వేరు" అన్నాడు.

వాడి మాట నాకు అప్పుడు సరిగ్గా అర్థం కాలేదు. ఆ ఎండాకాలం సెలవుల్లో ఇంటికి పోయాక అయింది. అందుకే ఈ వ్యాసం.

మా మూడు ఊర్లలోనూ రెండు కాలాలూ గట్టిగానే ఉంటాయి. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులు మాకు కొత్త కాదు. డిసెంబరు, జనవరిలో తెల్లారగట్ల 10 డిగ్రీల కిందికి పడే రోజులూ ఉంటాయి. వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 చేరి, ఆ తేదీకి మామూలుగా ఉండేదానికన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాలి. 45 తాకితే మామూలుతో పోల్చే పనే లేదు, అది వడగాలే.

కానీ ఆ అంకె ఎక్కడిది? గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, నీడలో పెట్టిన థర్మామీటరుది. మనం ఆ పెట్టెలో బతకం కదా. డెన్మార్క్ ఇంజినీరు ఫ్యాంగర్ 1970లో దీని మీద పెద్ద పుస్తకమే రాశాడు. మనిషికి హాయిగా ఉందా లేదా అన్నది ఆరు విషయాల మీద ఆధారపడుతుందని ఆయన లెక్క: గాలి వేడి, చుట్టూ ఉన్న గోడలూ కప్పూ మన మీదికి వదిలే వేడి, గాలి వేగం, తేమ, ఒంటి మీది బట్టలు, మనం చేస్తున్న పని. టీవీలో చెప్పేది ఈ ఆరింట్లో మొదటిదొక్కటే.

ఎందుకిన్ని అంటే, మనిషి కూడా ఒక హీటరే. ఊరికే కూర్చున్నా ఒంట్లోంచి సుమారు 100 వాట్ల వేడి బయటికి పోతూ ఉండాలి. చర్మం ఎండాకాలంలో దాదాపు 35 డిగ్రీలు ఉంటుంది. గాలి అంతకన్నా చల్లగా ఉంటే వేడి దానంతటదే పోతుంది. గాలి 42 అయిందనుకోండి, అప్పుడు వేడి అటు నుంచి ఇటే వస్తుంది. మిగిలిన దారి ఒక్కటే, చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 2,400 కిలోజూళ్లు తీసుకుపోతుంది. అంటే 100 వాట్ల మనిషి ఆరున్నర గంటల్లో పుట్టించే వేడి. అయితే అది ఆవిరి కావాలి. కారిపోతే లాభం లేదు. ఆవిరి కావడానికి పొడి గాలి కావాలి, ఆ గాలి కదలాలి.

గల్ఫ్‌కు పోయొచ్చిన వాళ్లను అడిగితే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మా వైపు వాడకు కొందరైనా ఉంటారు. మన ఎండ మాడుస్తది గానీ అక్కడి ఎండ ఉడకబెడ్తది అంటారు. సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదని చట్టమే ఉంది.

మరి మనవాళ్లకు ఎంత వేడి హాయి? దీనికి మన దగ్గరే ఒక మంచి అధ్యయనం జరిగింది. మాధవి ఇంద్రగంటి అనే పరిశోధకురాలు 2008 వేసవిలో హైదరాబాద్‌లో 45 ఫ్లాట్లు తిరిగి, వందమందికి పైగా మనుషులను అడిగి లెక్క తీశారు. వాళ్లకు ఇంట్లో 26 నుంచి సుమారు 32.5 డిగ్రీల దాకా హాయిగానే ఉంది. వేడీ కాదు, చల్లనా కాదు అనిపించింది 29 దగ్గర. అప్పటి జాతీయ భవన నిర్మాణ నియమావళి వేసవికి పెట్టిన హద్దు 23 నుంచి 26 మాత్రమే. అంటే పుస్తకం ఊహించినదానికన్నా మనోళ్లు వేడిని బాగానే తట్టుకుంటున్నారు. ఎట్లా? ఫ్యాన్ వేసుకొని, కిటికీ తెరిచి, పలచటి నూలు బట్ట కట్టుకొని, ఎండెక్కితే పని ఆపుకొని. అలవాటు అంటే ఒళ్లు మొద్దుబారడం కాదు. ఇట్లాంటి చిన్న చిన్న మార్పులు చేసుకోగలగడం.

ఇది చదివి నాకు మస్తు గర్వమనిపించింది. తర్వాత ఇంటికి పోయాను.

మా అమ్మ బీడీలు చేస్తది. మధ్యాహ్నం రెండింటికి ఒళ్లో చాట పెట్టుకొని కూర్చుంది. పైన ఫ్యాన్ ఉంది, తిరుగుతలేదు. ఇరవై ఏండ్లుగా చూస్తున్నదే, కానీ ఆరు విషయాల పట్టిక బుర్రలో ఉంది కాబట్టి ఈసారి కొత్తగా కనబడింది. ఫ్యాన్ వేస్తే చాటలో తంబాకు లేస్తది, కండ్లల్ల పడ్తది. నానబెట్టిన తునికాకు ఎండి పెళుసైతది, చుడితే చినుగుతది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి, పని ఆపితే లేదు. ప్రాజెక్టు కోసం కొన్న డీహెచ్‌టీ22 సెన్సరు నా బ్యాగులో ఉంది. అమ్మ పక్కన పెడితే 38 చూపించింది. రాత్రి పదింటికి కూడా 35 దగ్గరే ఉంది, ఎందుకంటే పగలంతా తాగిన ఎండను స్లాబు రాత్రంతా కిందికి వదులుతది. నేను దాబా మీద చల్లగా పడుకున్న రాత్రులన్నీ దాని కింద ఆమె పడుకుంది.

ఆరింట్లో అమ్మ చేతిలో ఉన్నవి ఎన్ని? బట్టలొక్కటే. అడిగాను, "అమ్మా, నీకు ఏ కాలం ఇష్టమే?" తల ఎత్తకుండానే చెప్పింది: "పంక ఏసుకోనిస్తే ఏ కాలమైతేంది బిడ్డా."

సెలవులయ్యాక మిగతా ఇద్దరినీ మళ్లీ కూర్చోబెట్టి అడిగాను. సిరిసిల్లోడి బాపుకు చలికాలం నైట్ డ్యూటీ ఇష్టమట. సాంచా మోటరు తీసుకునే కరెంటంతా చివరికి దాదాపు వేడిగానే మిగులుతుంది. ఎండాకాలం చంపే ఆ వేడే చలికాలం రాత్రి షెడ్డును వెచ్చగా ఉంచుతుంది. జగిత్యాలోడి ఇంట్లో మామిడితోట ఉంది. మామిడి పూత రావాలంటే రాత్రుళ్లు చలి పడాలి. చలి సరిగ్గా లేకపోతే ఎండాకాలం చల్‌గల్ మార్కెట్టుకు పోయే బండిలో కాయ తక్కువ. వాడు చెద్దరు గురించి చెప్పాడు గానీ వాళ్లింట్లో చలికి ఎదురు చూసేది పూత కోసం.

నాకు తేలింది ఇది. ఇష్టం అని మనం చెప్పేదాంట్లో సగం మన పని, మన కప్పు, మన చేతిలో ఉన్న స్విచ్చు. నేను ఎండాకాలం ఇష్టమన్నది ఎండలో నాకు పని లేదు కాబట్టి.

ఇంజినీరింగ్ చదువుతున్నందుకు ఒక పనైతే చేశాను. ఆరింట్లో రెండోది, కప్పు వదిలే వేడి, దాన్ని తగ్గించొచ్చు. తెల్ల రంగు ఎండను చాలావరకు వెనక్కి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఇండ్ల విషయంలో 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకే అది తప్పనిసరి, మాలాంటి చిన్న ఇండ్లకు ఇష్టముంటేనే. మేం ఇష్టపడ్డం. మే రెండో వారంలో నేనూ తమ్ముడూ కలిసి దాబాకు రెండు పూతలు సున్నం వేశాం. తర్వాత వారం రాత్రి పదింటికి సెన్సరు 33 చూపించింది. రెండు వారాల ఎండ ఒక్కలెక్క ఉండదు కాబట్టి దీన్ని ప్రయోగం అనను. అమ్మ మాత్రం ఇప్పుడు లోపలి గదిలో పడుకుంటుంది, ఇంతకుముందు వాకిట్లో పడుకునేది.

ఫ్యాన్ సంగతి ఇంకా తేలలేదు. చాట మీద గాలి తగలకుండా, మనిషి వీపుకు మాత్రమే తగిలేలా కిందినుంచి మెల్లగా వీచే చిన్న ఫ్యాన్ ఒకటి చేయాలని ముగ్గురం అనుకుంటున్నాం. సిరిసిల్లోడు మోటరు చూస్తానన్నాడు. మెకానికల్ వాళ్లు ఎవరైనా కలిస్తే మంచిది. మా గది తలుపు తెరిచే ఉంటుంది, ఎట్లాగూ ఉడకపోస్తుంది కాబట్టి.