ఇంటి గోడపై గాజుతీగ

పుంగనూరు వీధులలో నడచువారు తలయెత్తి చూచినచో, విద్యుత్ స్తంభముల నుండి ఇండ్ల పిట్టగోడలకును చూరులకును సాగిన నల్లని సన్నని తీగలు కనబడును. వానిలో కొన్ని విద్యుత్తును తెచ్చునవి. కొన్ని కేబుల్ టెలివిజన్ తీగలు. మరికొన్ని ఇంటర్నెట్టును మోసికొనివచ్చు ఆప్టికల్ ఫైబరు తీగలు. దూరమునుండి చూచువానికి అన్నియు ఒక్క తీరుగనే యుండును. కాని ఫైబరు తీగ నడుమ వార్త మోయునది రాగి కాదు, గాజుపోగు. అందు ప్రవహించునది విద్యుత్తు కాదు, కాంతి.

ఆ పోగు మందము 125 మైక్రానులు. అనగా మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు. కాంతి నడచుటకు దాని నడిమి భాగమున 9 మైక్రానుల దారి మాత్రమే కలదు. ఆ దారికిని దాని చుట్టునున్న గాజునకును గుణములో కొంచెము భేదముండును. అందువలన లోపల పోవుచున్న కాంతి అంచును ఏటవాలుగా తాకినపుడు వెలుపలికి పోజాలక మరల లోనికే మరలును. దీనిని సంపూర్ణాంతర పరావర్తనము అందురు. పాత్రనుండి జారు నీటిధార వెంట కాంతి వంగి పోవుటను 1854లో జాన్ టిండాల్ లండనులో ప్రదర్శించెను. పంజాబులో జన్మించిన నరీందర్ సింగ్ కపానీ, హాప్కిన్స్ అను ఆచార్యునితో కలిసి, గాజుపోగుల కట్టద్వారా బింబమును పంపవచ్చునని 1954లో ప్రకటించెను. గాజులోని మాలిన్యమును తొలగించినచో కాంతిని బహుదూరము పంపవచ్చునని 1966లో చెప్పినవాడు చార్లెస్ కావ్. 2009లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. నేటి ఫైబరులో కాంతి 10 కిలోమీటర్లు పయనించిన పిదప కూడ సుమారు సగము మిగిలియుండును. కిటికీ అద్దమునకు అట్టి స్వచ్ఛత లేదు.

ఇట్టి తీగను సాధారణముగ భూమిలో పాతిపెట్టుదురు. కాని రాళ్ళతో నిండిన సీమలో కాలువ త్రవ్వుట వ్యయప్రయాసలతో కూడిన పని. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2015లో ఫైబర్‌నెట్ సంస్థను నెలకొల్పినపుడు వేరొక మార్గము నెన్నుకొన్నది. ఊరూరను విద్యుత్ స్తంభములు ముందే యున్నవి కదా! వానిపైననే 20,000 కిలోమీటర్లకు మించిన ఫైబరు తీగను సాగించిరి. విద్యుత్ ఉపకేంద్రములే ఈ తీగలకు మజిలీలైనవి. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ పథకమును జాతికి అంకితము చేసెను. పని త్వరగా సాగినది, వ్యయము తగ్గినది. అయితే ఆకాశమున నున్న తీగకు గాలివాన, చెట్టుకొమ్మ, ఎత్తుగా గడ్డి నింపుకొని పోవు లారీ, ఇవన్నియు శత్రువులే.

స్తంభము కడ నొక చిన్న పెట్టె యుండును. అందులోని స్ప్లిట్టరు ఒక పోగులోని కాంతిని పలు ఇండ్లకు పంచును. ఎనిమిది ఇండ్లకు పంచినచో ఒక్కొక్క ఇంటికి ఎనిమిదవ వంతునకు మించి రాదు. కావున ఇంటికి వచ్చు కాంతి అసలే కొంచెము. ఇక మిగిలినది స్తంభమునుండి గదిలోని పెట్టె వరకు గల కొలది గజముల దారి. వందల కిలోమీటర్లు క్షేమముగా వచ్చిన కాంతి తరచుగా నష్టపడునది ఈ కొలది గజములలోనే.

ఈ కడపటి తీగను డ్రాప్ కేబుల్ అందురు. చాల రకములలో గాజుపోగునకు తోడుగా ఒక ఉక్కుతీగ యుండును. ఇంటిగోడకు బలమైన కొక్కెము బిగించి, ఆ ఉక్కుతీగను దానికి కట్టవలెను. అప్పుడు గాలి ఊపు, తీగ బరువు ఉక్కుమీద పడును, గాజుమీద పడవు. కొక్కెము దాటిన తరువాత తీగ వదులుగా గోడ వెంబడి పోవలెను. క్లిప్పులు దానిని పట్టియుంచవలెనే కాని నొక్కరాదు. సుత్తిదెబ్బ ఒక్కటి గురితప్పినచో లోపలి పోగు చిట్లును. పైతొడుగు మాత్రము చెక్కుచెదరక యుండును. ఆ లోపమును కనుగొనుటకు పనివానికి ఒక పూట పట్టవచ్చును.

మూల తిరుగుచోట మరింత మెలకువ వలయును. తీగ మిక్కిలి వంగినచో కాంతి అంచును ఏటవాలుగా తాకదు. నిటారుగా తాకి వెలుపలికి జారిపోవును. సాధారణ ఫైబరును 3 సెంటీమీటర్ల వ్యాసార్ధము కంటె చిన్న వలయముగా వంచరాదు. ఆడువారి చేతిగాజు ఇంచుమించు ఆ కొలతయే కాన, గాజుతీగకు గాజే కొలబద్ద యనవచ్చును. ఇండ్లకొరకై ప్రత్యేకముగ చేసిన రకములు 1 సెంటీమీటరు వ్యాసార్ధమును కూడ ఓర్చుకొనును. అయినను కాగితమువలె మడచిన తీగను ఏ రకమును సహింపదు.

నీరు పల్లమెరుగును. బంగాళాఖాతమున వాయుగుండము లేచినపుడు ఈ పీఠభూమిలో రోజుల తరబడి ముసురు పట్టును. మిద్దెపైనుండి నేరుగా రంధ్రములోనికి దిగిన తీగ ఆ నీటిని ఇంటిలోనికి పిలుచుకొనివచ్చును. అందుచేత తీగను రంధ్రము కంటె జానెడు క్రిందికి దించి, మరల పైకెత్తి లోనికి పంపుదురు. నీరు ఆ వంపు అడుగున చుక్కలు చుక్కలుగా రాలిపోవును. రంధ్రమును కూడ వెలుపలివైపునకు వాలుగా తొలిచి, తీగ పట్టిన పిదప సందును పూడ్చుదురు. ఖర్చు లేని ఈ చిన్న ఉపాయమును తొందరలో నున్న పనివారు విడిచివేయుట సాధారణము.

అన్నింటి కంటె ముఖ్యమైనది విద్యుత్ తీగకు దూరముగా నుండుట. గాజు విద్యుత్తును ప్రవహింపనీయదు. కాని దాని తోడి ఉక్కుతీగ ప్రవహింపనిచ్చును. అందువలన విద్యుత్ లైనుల వెంట సాగు పెద్ద కేబుళ్ళను లోహము లేకుండ తయారుచేయుదురు. ఇంటికి విద్యుత్తు తెచ్చు ఇనుపగొట్టము మేడపై నిలిచియున్నదని డ్రాప్ కేబులును దానికే చుట్టుట ప్రాణాపాయకరము. ఆ తీగపై తడిబట్టలు ఆరవేయుటయు అట్టిదే.

2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపూరునందు కృష్ణాష్టమి రథమునకు విద్యుత్తు సోకి ఐదుగురు మరణించిరి. తదనంతరము విద్యుత్ సంస్థవారు నగర స్తంభములపై వ్రేలాడుచున్న కేబుళ్ళను పెద్దయెత్తున కోసివేసిరి. అనేక గృహములలో ఇంటర్నెట్టు నిలిచిపోగా, వివాదము ఉన్నత న్యాయస్థానమునకు చేరెను. కోసినవారిని నిందించుట సులభము. కాని ఆ స్తంభములపై పనికిరాని పాత తీగలెన్నో సంవత్సరముల తరబడి తొలగింపబడక మిగిలియుండెననుట కూడ సత్యము.

తెగిన గాజుపోగును ముడివేయుట కుదరదు. కొనలను నున్నగా కోసి, యంత్రములో ఎదురెదురుగా నిలిపి, విద్యుత్ మెరుపుతో కరిగించి అతుకుదురు. తెగిన కొనలోనికి తొంగిచూడరాదు. అందుండి వెడలు కాంతి పరారుణము, కంటికి కానరాకయే కంటిని బాధింపగలదు. పండుగకు సున్నము వేయువారు తీగను లాగి ప్రక్కకు త్రోసిన మరునాడు గదిలోని పెట్టెపై ఎర్రదీపము వెలిగినచో, కాంతి లోనికి చేరుటలేదని అర్థము. అప్పుడు మొదట వెదకవలసిన చోటు గోడమూల.