నీళ్లకు భయపడే బొమ్మలు

నీటిరంగు చిత్రంలో రంగుపొడిని కాగితానికి పట్టి ఉంచేది కాస్త జిగురు. వందేళ్ల కిందట ఆరిన జిగురైనా ఇవాళ తడి తగిలితే మళ్లీ కరుగుతుంది. గోదావరి గాలిలో తేమ సంగతి మనకు తెలియనిదా! ఆ గాలిలోనే, రాజమహేంద్రవరంలో, చిత్రకారుడు దామెర్ల రామారావు నీటిరంగులను ఇవాళ్టికీ కళ్లారా చూస్తున్నామంటే అదంతా కాపాడినవాళ్ల చలవే.

రామారావు 1897లో ఈ ఊళ్లోనే పుట్టారు. ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రవాడి చేతినేర్పు పసిగట్టి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు దారి చూపారు. చదువు ముగించి వచ్చిన రామారావు సొంతూళ్లో చిత్రకళాశాల పెట్టారు. 1922లో కలకత్తా ప్రదర్శనలో ‘ఋష్యశృంగ బంధనం’ వైస్రాయ్ బహుమతి తెచ్చింది. 1925 ఫిబ్రవరి 6న మశూచితో కన్నుమూశారు. అప్పటికి 28 ఏళ్లు కూడా నిండలేదు. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ, స్నేహితుడు వరదా వెంకటరత్నం, ముగ్గురూ కుంచె పట్టినవాళ్లే. ఆయన బొమ్మలను చెల్లాచెదురు కానివ్వలేదు.

కాగితం మీది చిన్న బొమ్మను నూనెరంగుల చిత్రానికి చిత్తుప్రతిలా చూసేవాళ్లున్నారు. నేనొప్పుకోను. పలచటి పూతలో కాగితపు తెలుపే వెలుగు. ఒకసారి పోయిందా, దాన్ని తిరిగి తేవడం కష్టం. చిక్కటి నీటిరంగు తీరు వేరు. అందులో ముదురు మీద లేత రంగు నిలుస్తుంది. నల్లటి జడ ముందు వేసి, అది ఆరాక, సన్నకుంచె మొనతో ఒక్కో మల్లెమొగ్గా పెట్టుకుంటూ పోవచ్చు. కుంచెలో నీళ్లు కాస్త ఎక్కువైతే అడుగునున్న నలుపు లేచి మొగ్గలోకి పాకుతుంది. అరచేయంత బొమ్మకు ఎంత నిగ్రహం కావాలో అక్కడ తెలుస్తుంది.

ఈ తంటా తప్పించే పాత పద్ధతి గుడ్డుసొన టెంపెరా. ఐరోపాలో నూనెరంగులు రాజ్యమేలకముందు చెక్క మీది బొమ్మలు చాలావరకు దీనితోనే వేశారు. తెల్లసొన తీసేసి, పచ్చసొనను మెత్తటి కాగితం మీద దొర్లించి తడి పోగొట్టాలి. దాని పొరను రెండు వేళ్లతో పట్టుకుని పొడిస్తే సొన గిన్నెలోకి జారుతుంది. దానికి కొంచెం నీళ్లు, నీళ్లతో నూరిన రంగు కలపడమే. గీత గీసీ గీయగానే ఆరుతుంది, అందుకే సన్నగీతలు పక్కపక్కన పేర్చాలి. బాగా గట్టిపడ్డాక నీళ్లకు కరగదు. తణుకు, అనపర్తి వైపు కోళ్లఫారాలున్న మనకు గుడ్లకు కొదవా? మన చిత్రకళ విద్యార్థులు దీన్ని చేతులారా చేసి చూడాలని నా కోరిక. కాకపోతే సొన పొర వంగితే పగులుతుంది, కాబట్టి సుద్ద, జిగురు పూసిన చెక్కపలక కావాలి.

ఇక రామారావు కాగితాలకు బూజు, పురుగు, ఎండ ముగ్గురు శత్రువులు. ఫ్రేము గోడకు అంటుకోకూడదు, వెనక గాలి ఆడాలి. వానాకాలంలో గదిలో తేమ కొలుస్తూ ఉండాలి. ఒకే బొమ్మను ఏళ్ల తరబడి వెలుతురులో వేలాడదీయకుండా మార్చి మార్చి పెడితే రంగులకూ విశ్రాంతి, బడిపిల్లలకు వచ్చినప్పుడల్లా కొత్త బొమ్మా దొరుకుతాయి.