గెట్టు దాకా పట్టా సరే.. గెట్టు కింద నీళ్ళు ఎవరివి?

'ఈ నాలుగెకరాలు నావి' అంటారు మీరు. పాసు పుస్తకంలో సర్వే నెంబరు ఉంది, గెట్టు మీద రాయి ఉంది. కాదనేవారు లేరు. మరి మీ బోరులో నీళ్ళు కూడా మీవేనా? పక్క చేను రైతు మీకంటే వందడుగులు లోతుకు దించితే మీ బోరు ఎందుకు ఆగిపోతుంది? మార్కాపురం, గిద్దలూరు, కంభం పల్లెల్లో అన్నదమ్ముల్లా బతికిన వాళ్ళ మధ్య మాటలు పోయేది చాలాసార్లు ఈ బోర్ల దగ్గరే.

దీనికి జవాబు కావాలంటే భూమిని మన పెద్దలు ఏ కంటితో చూశారో తెలుసుకోవాలి. అందుకోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మన పడమటి ప్రకాశం చుట్టుపక్కలే మూడు రకాల చూపులు కనిపిస్తాయి.

అడవి చూపు

నల్లమల చెంచులకు భూమి కొనేది, అమ్మేది కాదు. ఫలానా పెంట వాళ్ళు ఫలానా మేర అడవిలో గడ్డలు తవ్వుకోవాలి, తేనె తీసుకోవాలి అని కట్టుబాటు ఉండేది. వాడుకునే హక్కు ఉంది, అమ్ముకునే హక్కు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం కూడా ఇదే పద్ధతిలో రాశారు. ఆ చట్టం కింద ఇచ్చిన భూమి వారసులకు వస్తుంది గానీ అమ్మకానికి, బదిలీకి వీల్లేదు. అప్పుల కింద ఒకసారి పోయిన భూమి పేదవాడికి మళ్ళీ రాదు కాబట్టే ఆ షరతు.

చెరువు చూపు

రెండోది కంభం చెరువు నేర్పిన చూపు. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేసి దీన్ని నిలిపారు. విజయనగర రాజుల కాలంలో గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. దీని కింద సుమారు పదివేల ఎకరాలు సాగయ్యేదని వందేళ్ళ కిందటి గెజిటీర్ లెక్క. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. చెరువు కింద పొలం ఎవరిది వారిదే, నీళ్ళు మాత్రం అందరివీ. తూము ఎప్పుడు ఎత్తాలో ఒక్కడు తేల్చుకుంటే కుదరదు.

గిద్దలూరు దాటి కడప జిల్లాలోకి పోతే పోరుమామిళ్ళ చెరువు వస్తుంది. అక్కడ 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. కట్ట నుంచి నీరు ఊరడం ఒక దోషం. చవుడు నేల ఒక దోషం. నీళ్ళు తక్కువ, సాగు నేల ఎక్కువ కావడం కూడా ఒక దోషమే అన్నారు. ఆరున్నర శతాబ్దాల కింద చెప్పిన ఆ మాటను ఈరోజు మన బోర్లకు పెట్టి చూడండి, ఎక్కడ తప్పుతున్నామో తెలిసిపోతుంది.

పట్టా చూపు

మూడోది పట్టా. 1800లో దత్తమండలాలు ఇంగ్లీషు కంపెనీ చేతికి వచ్చాయి. మన కంభం సీమ కూడా వాటిలోదే. 1807 దాకా ఇక్కడ పెద్ద కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలం పొలం కొలిపించి, రైతు రైతుకూ శిస్తు కట్టే పద్ధతి తెచ్చాడు. అదే రైతువారీ. దీన్ని తక్కువగా చూడొద్దు. చేతిలో కాగితం ఉంటేనే బ్యాంకు అప్పిస్తుంది. నాదనే ధీమా ఉంటేనే చేలోకి చెరువు మట్టి తోలుతారు, గట్లు వేస్తారు. ఏటేటా మారే కౌలుదారుకు ఆ ధీమా లేదు, అందుకే ఆ ఖర్చుకు వెనకాడతాడు. 2019 చట్టం ఇచ్చిన సాగుదారు హక్కు పత్రం కూడా 11 నెలలకే.

అయితే పట్టాకు ఒక లోటు ఉంది. అది నేలను విడదీసి చూపించగలదు గానీ నేల కింద నీటిని విడదీయలేదు. గెట్టు రాయి రెండడుగులు దిగుతుంది. బోరు వందల అడుగులు దిగుతుంది. పైన పట్టా చూపుతో, కింద చెరువు చూపుతో నడిస్తేనే మనకు బతుకు.

చేసి చూపించిన రైతులు

ఇది కుదిరే పనేనా అంటారా? 2003 తర్వాత కొన్నేళ్ళు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాల లెక్క చూసుకున్నారు. అందులో మన ప్రకాశం ఒకటి. వాన ఎంత పడిందో రైతులే కొలిచారు, బోర్లలో నీటి మట్టం రాసుకున్నారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీళ్ళెన్ని, వేయబోయే పంటలకు కావలసినవెన్ని అని బేరీజు వేశారు. ఏ పంట వేయాలో ఎవరూ శాసించలేదు. లెక్క చూసి చాలామంది తమంతట తామే వరి తగ్గించుకున్నారు.

మీ బోరు లెక్క ఇలా చూడండి

200 లీటర్ల డ్రమ్ము తెచ్చి గొట్టం కింద పెట్టండి. అది 100 సెకన్లలో నిండితే సెకనుకు 2 లీటర్లు, గంటకు 7,200 లీటర్లు. రోజుకు 7 గంటలు ఆడితే 50,400 లీటర్లు. ఎకరం నేల ఒక అంగుళం తడవాలంటే లక్ష లీటర్లు దాటుతుంది. అంటే అంగుళం తడికే రెండు రోజులు పడుతుంది. పది రోజులకొకసారి రెండంగుళాల తడి ఇవ్వాలంటే, కాలువల్లో ఇంకేది పోగా, ఆ బోరు రెండెకరాల ఆరుతడి పంటకే సరి. అదే బోరు మీద వరి అయితే ఎకరం దాటడం కష్టం. మిగతా నేలలో వానాధారంగా కంది, ఆముదం, కొర్ర, సజ్జ చూసుకోండి.

ఈ లెక్క ఒక్కరు వేస్తే లాభం లేదు. మీరు వరి మానుకుని ఆదా చేసిన నీళ్ళను పక్క బోరు తోడుకుపోతుంది. ఒకే వాగు చుట్టూ బోర్లున్న పది మంది కలిసి కొలవాలి. అంకెలన్నీ ఒకే పుస్తకంలో ఎక్కించాలి. కొత్త బోరు వేయాలనుకునేవారు ముందు ఆ పదిమందికీ చెప్పాలి. 2002 నాటి 'వాల్టా' చట్టం బోర్లకు అనుమతి, ఎడం ఉండాలని చెబుతుంది. కానీ ప్రతి చేనుకూ అధికారి వచ్చి కాపలా ఉండడు కదా.

1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ నీళ్ళు మీ పొలం దాకా వచ్చినా ఈ లెక్క తప్పదు. కాలువ మొదట్లో ఉన్నాయన ఇష్టమొచ్చినట్టు పారగడితే చివర ఉన్నాయనకు తడి అందదు. రబీ విత్తనం కొనడానికి ముందే డ్రమ్ము, గడియారం పట్టుకుని చేనుకు పోండి. పక్క చేను రైతును కూడా పిలుచుకు పోండి.